బండి ఎవరిది? లైసెన్సు ఎవరి పేరున?

మన సంఘాల మీటింగుల్లో భూమి పట్టా ఎవరి పేరున ఉందని అడుగుతాం. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఎవరిని రాశారని అడుగుతాం. 2013 ఆహార భద్రతా చట్టం ఇంట్లో పెద్ద వయసు స్త్రీనే కార్డుకు యజమానురాలిగా గుర్తించాలని చెప్పిందని అందరికీ వివరిస్తాం. కానీ మీటింగు ముగిశాక ఎవరి బండి ఎక్కి ఇంటికి పోతున్నామో, ఆ బండి నడిపే లైసెన్సు మనలో ఎంతమందికి ఉందో మాత్రం అడగం. అదొక హక్కుల విషయమని మనకే తోచదు. ఫలితంగా మీటింగు ఏడింటికి ముగియాలా ఎనిమిదింటికి ముగియాలా అన్నది మన ఎజెండాను బట్టి తేలడం లేదు. గేటు బయట స్టాండు వేసుకుని హారన్ కొడుతున్న భర్తల, అన్నదమ్ముల ఓపికను బట్టి తేలుతోంది.

రెండు చక్రాల బండి నడిపే లైసెన్సు చిన్న కార్డు ముక్క. దాన్ని తీసుకోవడం స్త్రీల హక్కుల పోరాటంలో భాగమేననీ, దాన్ని ఇప్పించే బాధ్యత మన సంఘాల మీద, స్వచ్ఛంద సంస్థల మీద ఉందనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను. "ఇంత చిన్న విషయమా?" అనేవాళ్లు ఉంటారు. చిన్న విషయమే అయితే ఇన్నేళ్లలో ఎందుకు పరిష్కారం కాలేదో వాళ్లే చెప్పాలి.

చట్టం మనల్ని ఎక్కడ కూర్చోబెట్టింది?

1989లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చూడండి. మోటారు సైకిలు వెనక కూర్చునే మనిషి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి ఆసరా ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి అంటుంది. మనం శారీ గార్డు అని పిలిచేది దీన్నే. మంచి నిబంధనే. కొంగు చక్రంలో పడి ప్రాణాలు పోగొట్టుకున్న స్త్రీలను ఎరిగిన వాళ్లెవరూ దాన్ని కాదనరు. అయితే చీర కట్టిన మనిషి గురించి ఆలోచన వెనక సీటు దగ్గరే ఆగిపోయిందని కూడా గమనించాలి. ఆ మనిషి ముందు సీటులో కూర్చుంటుందన్న ఊహ ఎవరికీ రాలేదు. కొత్త బండి షోరూము దాటకముందే ఇంటి ఆడమనిషి చోటు ఏదో నట్లు బిగించి మరీ నిర్ణయించారు.

హెల్మెట్ సంగతీ అంతే. బండి నడిపేవారూ వెనక కూర్చునేవారూ ఇద్దరూ పెట్టుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెబుతోంది. అయినా దేశ రాజధాని ఢిల్లీలో స్త్రీలకు అది వాళ్ల ఇష్టానికే వదిలేశారు. 2014లో గానీ, సిక్కు స్త్రీలకు మినహాయింపు ఇస్తూ, తప్పనిసరి చేయలేదు. స్త్రీల తల పగిలినా పరవాలేదు, ఆచారం చెదరకూడదు అన్నమాట. మన ఊళ్లలో ఇవాళ్టికీ ముందు కూర్చున్న మగవాడి తలకు హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న భార్య తల మీద కొంగే ఉంటుంది, మధ్యలో పసిపిల్ల తలకు ఏదీ ఉండదు. బండితో పాటు వచ్చిన హెల్మెట్ ఒక్కటే, దాన్ని తీసుకున్నది మగవాడు.

ఇక లైసెన్సు దరఖాస్తు. అందులో ఫలానావారి కొడుకు, భార్య లేక కూతురు అని రాసే గడి ఉంది. మగవాడు ముసలివాడైనా కొడుకే. ఎవరి భర్త అని అతన్ని ఎవరూ అడగరు. మనం మాత్రం ఒకరి కూతురుగా మొదలై ఇంకొకరి భార్యగా మారిపోతాం. భర్త వదిలేసిన స్త్రీ, భర్తను వదిలి వచ్చిన స్త్రీ ఆ గడి దగ్గర ఆగిపోతుంది. ఆమెకు మనం చెప్పవలసింది ఒకటుంది: భర్త పేరే రాయాలన్న నియమం ఏదీ లేదు, ఫలానావారి కూతురినని రాస్తే చెల్లుతుంది.

'లేడీస్ బండి' అనే మర్యాద

చట్టం 10వ సెక్షనులో గేర్లు లేని మోటారు సైకిలుకు ఒక తరగతి, గేర్లున్న మోటారు సైకిలుకు మరో తరగతి ఉన్నాయి. ఆ రెంటికీ ఆడా మగా తేడా లేదు. తేడా పెట్టింది మనుషులు. ఒక స్త్రీ దరఖాస్తు పట్టుకుని కౌంటరు దగ్గరికి రాగానే ఏజెంటు, గుమాస్తా, వెంట వచ్చిన తమ్ముడు అందరూ కలిసి "గేర్లు లేనిదే కదమ్మా?" అని తేల్చేస్తారు. ఆమెను ఎవరూ అడగరు. క్లచ్ పట్టడం ఆడవాళ్ల వల్ల కాదనే నమ్మకం చాలామందికి వేదవాక్కు. పొలంలో కోత కోసే చేతులు, బావిలో నీళ్లు తోడే చేతులు, రోకలి పట్టే చేతులు ఒక క్లచ్ పిడిని నొక్కలేవట!

దీని వల్ల నష్టం మాటవరసకు కాదు. పల్లెల్లో పనిచేసే సంస్థల దగ్గర ఉన్న బళ్లు చాలావరకు గేర్ల బళ్లే. ఇంట్లో భర్తదో మరిదిదో ఉన్న బండీ చాలాచోట్ల గేర్లదే. గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సున్న స్త్రీకి అవసరానికి అందుబాటులో ఉన్న బండి ఎక్కే అధికారం ఉండదు. అర్ధరాత్రి పక్కింటి కోడలికి నొప్పులొస్తే వాకిట్లో బండి ఉంటుంది, నడిపే మగవాడు ఊళ్లో ఉండడు. అందుకే కొత్తగా నేర్చుకునే ప్రతి స్త్రీకీ నా మాట ఇది: గేర్ల బండికే దరఖాస్తు పెట్టండి. అది వచ్చినవాళ్లకు గేర్లు లేనిది నడపడం ఒక లెక్క కాదు.

లైసెన్సు లేకుండా నడిపితే ఏం పోతుంది?

ఇంకో రకం మోసం ఉంది. అది ఇంట్లోనే జరుగుతుంది. పిల్లల్ని బడికి దింపడానికి, కూరగాయలు తేవడానికి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకుపోవడానికి కోడలికి స్కూటీ నేర్పిస్తారు. నేర్పించింది ఆమె స్వేచ్ఛ కోసం కాదు, ఇంటి పని త్వరగా తెమలడం కోసం. లైసెన్సు మాట ఎత్తితే "ఈ సందుల్లో నిన్నెవరు ఆపుతారు? ఆడవాళ్లను పోలీసులు పట్టుకోరులే" అంటారు. భర్తకు పద్దెనిమిదేళ్లు నిండిన నెలలోనే లైసెన్సు తీశారు. భార్య పదేళ్లుగా నడుపుతున్నా ఆమె పేరున ఏ కాగితమూ లేదు.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలి. లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత చట్టంలో 5,000 రూపాయల జుర్మానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ రాసి ఉన్నాయి. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చిన యజమానికీ అదే శిక్ష. కాబట్టి "నీకెందుకులే లైసెన్సు" అనే భర్త తాను కూడా నేరం చేస్తున్నాడు.

అంతకన్నా ముఖ్యమైనది బీమా. మన చేతిలోని బండి ఎవరికైనా తగిలి ప్రమాదం జరిగితే, లైసెన్సు లేని మనిషికి తెలిసీ బండి ఇచ్చారని రుజువైనప్పుడు, బీమా కంపెనీ బాధితులకు ముందు చెల్లించి ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునేలా కోర్టులు ఆదేశించవచ్చు. 2004లో సుప్రీం కోర్టు స్వరణ్ సింగ్ కేసులో ఈ విషయాన్ని వివరంగా చెప్పింది. అంటే ఆ ఇంటి పొలమో పుస్తెలో అమ్మి కట్టవలసి రావచ్చు. ఎవరి పుస్తెలు ముందు పోతాయో మీకు చెప్పనక్కరలేదు.

మరో సంగతి. బండి యజమాని తానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమాను 2018లో 15 లక్షల రూపాయలకు పెంచారు. దానికి రెండు షరతులున్నాయి. నడిపిన మనిషి పేరునే బండి రిజిస్టరై ఉండాలి. ఆ మనిషికి చెల్లే లైసెన్సు ఉండాలి. భర్త పేరునున్న బండిని భార్య నడుపుతూ పోతే ఆమె పిల్లలకు ఆ 15 లక్షలు రావు. ఆమె జీతంలోంచి వాయిదాలు కట్టిన బండి అయినా సరే, సి బుక్కులో పేరు అతనిదైతే రావు. కట్నంలో భాగంగా అమ్మాయి పుట్టింటివాళ్లు కొనిచ్చిన బండి అల్లుడి పేరున రిజిస్టరయ్యే ఈ దేశంలో ఇది ఎంతమందికి వర్తిస్తుందో ఆలోచించండి. ఆస్తి హక్కు అంటే భూమి, ఇల్లు మాత్రమే కాదు, సి బుక్కు కూడా.

ఆఫీసు గుమ్మం

లైసెన్సు తీసుకోవడం కష్టమా? కాగితం మీద కష్టం కాదు. పద్దెనిమిదేళ్లు నిండాలి. వయసుకు, చిరునామాకు రుజువులు కావాలి. చదువు అర్హత ఏదీ లేదు. రోడ్డు గుర్తులు, నియమాల మీద చిన్న పరీక్ష రాస్తే నేర్చుకునే లైసెన్సు, అంటే మనం ఎల్‌.ఎల్‌.ఆర్‌. అనేది, ఇస్తారు. అది ఆరు నెలలు చెల్లుతుంది. బండికి ముందూ వెనకా ఎర్రటి 'ఎల్‌' బోర్డు పెట్టుకుని నేర్చుకోవాలి, నేర్పే మనిషిని తప్ప వెనక ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. ముప్పై రోజులు గడిచాక బండి నడిపి చూపించే పరీక్షకు వెళ్లవచ్చు. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. 2016 డిసెంబరులో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఒక తరగతి బండికి ఎల్‌.ఎల్‌.ఆర్‌.కు 150, దాని పరీక్షకు 50, నడిపే పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలు. రాష్ట్రం వసూలు చేసే సేవా రుసుములు దీనికి అదనం.

చిరునామా దగ్గర చాలామంది వెనక్కి తిరుగుతారు. పెళ్లయిన పిల్ల ఆధార్ పుట్టింటి ఊరిది, ఉండేది అత్తింట్లో, ఉద్యోగం ఇంకో జిల్లాలో. "మీది ఈ ఆఫీసు కాదమ్మా" అని పంపేస్తారు. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఈ ఒక్క మాట తెలిస్తే ఎంతమంది వెనక్కి రాకుండా ఉంటారు! మన కరపత్రాల్లో ఈ వాక్యం ఎందుకు ఉండదు?

ఆఫీసు దగ్గర ఇంకో గోడ ఏజెంటు. మగవాడు కూడా ఏజెంటును పట్టుకుంటాడు నిజమే. కానీ స్త్రీ విషయంలో ఏజెంటు ఆమెకూ ప్రభుత్వానికీ మధ్య నిలబడే ఇంకో సంరక్షకుడవుతాడు. "మీరెందుకండీ ఎండలో, సంతకం పెట్టి వెళ్లండి, సార్‌తో నేను మాట్లాడతాను" అంటాడు. ఈ దయకు లెక్క కట్టి తీసుకుంటాడు. ఇలా కొనిపెట్టిన లైసెన్సు వల్ల ఆమెకు ఏమొస్తుంది? ఎనిమిది ఆకారంలో బండి తిప్పి, కాలు కింద పెట్టకుండా బయటికి వచ్చి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి "నాకు వచ్చు" అని చెప్పే ధైర్యాన్ని ఆమె నుంచి లాక్కుంటారు. పైగా రేపు లారీ ఎదురొచ్చినప్పుడు ఏజెంటు వచ్చి బ్రేకు వేయడు. పరీక్ష మనకు అవమానం కాదు, రక్షణ. తేలిక పరీక్ష మనకు అక్కరలేదు, మర్యాదగా పెట్టే పరీక్ష కావాలి. చదవడం రాని స్త్రీకి ప్రశ్నలు చదివి వినిపించే ఏర్పాటు కావాలి. ఆఫీసులో నీళ్లు, మరుగుదొడ్డి కావాలి. "మీ ఆయన రాలేదా?" అన్న ప్రశ్న లేని కౌంటరు కావాలి.

'రోడ్డు మంచిది కాదు'

మన మంచి కోరి అడ్డుపడేవాళ్ల వాదన కూడా వినాలి. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో టోల్‌గేటు దగ్గర స్కూటీ నిలిపి వెళ్లిన యువ పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ తర్వాత జరిగిందేమిటి? ఎన్నో ఇళ్లలో అమ్మాయిల బండి తాళాలు తీసి దాచారు. నేరం చేసింది మగవాళ్లు, శిక్ష పడింది బండి నడిపే అమ్మాయిలకు. నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. అది బూటకపు ఎన్‌కౌంటరని సుప్రీం కోర్టు నియమించిన కమిషను 2022లో తేల్చింది. వీధి దీపాలు, రాత్రి గస్తీ, ఫిర్యాదు రాగానే కదిలే పోలీసు స్టేషను అడిగితే, మనకు తుపాకి చూపించి చప్పట్లు కొట్టమన్నారు. రోడ్డు మంచిది కాకపోతే రోడ్డును బాగుచేయాలి. స్త్రీలను రోడ్డు మీది నుంచి తీసేయడం బాగుచేయడం కాదు. పైగా రోడ్డు మీద ఎంత ఎక్కువమంది స్త్రీలుంటే అది అంత మనదవుతుంది.

వెనక సీటు అంత క్షేమమా? తాగి నడిపే మగవాడి వెనక కూర్చుని, పసిబిడ్డను గుండెకు హత్తుకుని, దేవుళ్లందరికీ మొక్కుకుంటూ పెళ్లి నుంచో జాతర నుంచో తిరిగొచ్చిన స్త్రీలు మనలో లేరా? నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నడపడం నేరమని చట్టం 185వ సెక్షను అంటోంది. ఆ సమయంలో ఆ బండి మీద తాగని మనిషి ఒక్కతే ఉంది. ఆమెకు నడపడం రాదు, లేక లైసెన్సు లేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. తాగినవాడి చేతిలోంచి బండి తాళం తీసుకోవడం ఆ పోరాటానికి కొనసాగింపే.

మన వైపు నుంచే ఇంకో అభ్యంతరం వస్తుంది. బండ్లు మధ్యతరగతి వాళ్ల సంగతి, పేద స్త్రీలకు కావలసింది బస్సు అంటారు. బస్సు కావాలి, కాదనడం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మనం స్వాగతించవలసిన హక్కే. కానీ బస్సే రాని ఊరి ఆశా కార్యకర్తకు, చివరి బస్సు ఆరింటికే వెళ్లిపోయే తండాలోని పిల్లకు ఉచిత టికెట్టు ఏం చేస్తుంది? బస్సు అడగడమూ బండి నేర్చుకోవడమూ ఒకదానికొకటి పోటీ కావు. స్త్రీ కదలికకు అవి రెండు కాళ్లు.

పేద స్త్రీలకు చక్రాలు పట్టవనడం కూడా అబద్ధమే. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అరివొళి అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతో పాటు సైకిలు నేర్పింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ఉద్యమంలో భాగం చేశారు, బ్యాంకుల చేత సైకిళ్లకు అప్పులు ఇప్పించారు. ముందు నేర్చుకున్నవారిలో ఉద్యమ కార్యకర్తలే ఉన్నారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే వ్యవసాయ కూలీలు, క్వారీ కార్మికులు అడ్డ కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. ఎగతాళి మాటలు పడ్డారు, అయినా దిగలేదు. జర్నలిస్టు పి. సాయినాథ్ దీన్ని వివరంగా రికార్డు చేశారు. అక్కడ అక్షరం, చక్రం కలిసి నడిచాయి. మన దగ్గర అక్షరం దగ్గరే ఆగాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో ఒక ప్రశ్న ఉంది. బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటికి, ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్లనిస్తారా అని. దేశంలో నూటికి 42 మంది స్త్రీలే అవునన్నారు. వెళ్లనిస్తారా! రాజ్యాంగం 19వ అధికరణం ఈ దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు పౌరులందరికీ ఇచ్చి డెబ్భై అయిదేళ్లు దాటింది. మనకు మాత్రం అది ఇంకా ఇంట్లో ఎవరో ఇవ్వవలసిన అనుమతిగానే ఉంది.

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన సంస్థలను అడగాలి. ఉద్యోగ ప్రకటనలో 'ద్విచక్ర వాహనం నడపడం తెలిసినవారికి ప్రాధాన్యం' అని రాస్తారు. చూడటానికి ఆడా మగా తేడా లేని వాక్యం, పనిచేసేది మాత్రం మగవాడి పక్షాన. సంస్థ బండి మగ కోఆర్డినేటరు దగ్గర ఉంటుంది. పెట్రోలు ఖర్చు అతని పేరున రాస్తారు. అదే పని చేసే స్త్రీ ఆటోకు చేతి డబ్బు పెట్టుకుంటుంది, లేకపోతే అతని వెనక కూర్చుని ఊరివాళ్ల మాటలు పడుతుంది. ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో అతనే నిర్ణయిస్తాడు. మూడేళ్ల తర్వాత "ఆమె ఫీల్డుకు ఎక్కువ తిరగలేదు" అని ప్రమోషను అతనికిస్తారు. జెండర్ శిక్షణలు ఇచ్చే సంస్థల్లో జరుగుతున్న సంగతే ఇది.

కాబట్టి ఈ పత్రిక చదివే ప్రతి సంఘం, ప్రతి సంస్థ ముందు కొన్ని డిమాండ్లు పెడుతున్నాను. పనిచేసే స్త్రీలందరికీ లైసెన్సు ఖర్చు, నేర్చుకునే రోజుల జీతం సంస్థే భరించాలి. దాన్ని శిక్షణ ఖర్చుగా బడ్జెటులో రాయాలి. సంస్థ బళ్లలో కనీసం సగం స్త్రీల చేతికి రావాలి. లైసెన్సు లేదని ఏ స్త్రీనీ ఉద్యోగానికి కాదనకూడదు, చేరిన ఆరు నెలల్లో లైసెన్సు ఇప్పించే బాధ్యత సంస్థ తీసుకోవాలి. ప్రతి మండలంలో సంఘానికి ఒక నేర్చుకునే బండి, రెండు హెల్మెట్లు ఉండాలి. వచ్చిన స్త్రీ రాని స్త్రీకి నేర్పాలి. పదిమంది కలిసి ఒకే రోజుకు స్లాట్లు బుక్ చేసుకుని, ఏజెంటు లేకుండా ఆర్‌.టి.ఏ. ఆఫీసుకు వెళ్లాలి. ఒక్కతే వెళితే కసురుకునే కౌంటరు పదిమందిని చూస్తే కుర్చీ సర్దుకుంటుంది. పొదుపు సంఘంలో బండికి అప్పు ఇచ్చేటప్పుడు సి బుక్కు స్త్రీ పేరున ఉంటేనే ఇస్తామని తీర్మానం రాసుకోవాలి.

ప్రభుత్వాలను అడగవలసినవీ ఉన్నాయి. బండి సబ్సిడీలు ప్రకటిస్తారు, ఫొటోలు దిగుతారు. తమిళనాడు 2018లో ఉద్యోగాలు చేసుకునే స్త్రీలకు బండి ధరలో సగం, 25,000 రూపాయలకు మించకుండా, ఇచ్చే పథకం తెచ్చింది. బండి ఇవ్వడం మంచిదే. కానీ నేర్పించడం, లైసెన్సు ఇప్పించడం లేకుండా బండి ఇస్తే దాన్ని నడిపేది ఇంట్లో మగవాడే. గ్యాసు బండ లాగా, పట్టాదారు పుస్తకం లాగా, పేరు ఆమెది, వాడకం అతనిది అవుతుంది. ప్రతి జూనియర్ కళాశాలలో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడపిల్లలకు నేర్పించి ఎల్‌.ఎల్‌.ఆర్‌. ఇచ్చే శిబిరం పెట్టమని అడగాలి. పరీక్ష మైదానాల్లో స్త్రీ ఇన్‌స్పెక్టర్లను నియమించమని అడగాలి.

"నడపడం వస్తే చాలదా, కార్డు ఎందుకు?" అని ఇంకా అడిగేవాళ్లకు ఒక మాట. ఓటరు గుర్తింపు కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, పట్టా అన్నీ కాగితాలే. ఆ కాగితాల కోసం మన తల్లులు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో మనకు తెలుసు. వాటిలో చాలావాటి మీద ఇంటి చిరునామా ఉంటుంది, ఇంట్లో మన స్థానం ఉంటుంది. ఇల్లు దాటి మన చేతుల మీదుగా, మన బాధ్యత మీద వెళ్లగలమని రాజ్యం సంతకం పెట్టి ఇచ్చే కాగితం లైసెన్సు.

వచ్చే మీటింగులో హాజరు పుస్తకం పక్కన ఇంకో కాగితం పెట్టండి. లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు ఒకవైపు, లేనివాళ్ల పేర్లు ఒకవైపు రాయండి. మూడు నెలలకు ఈ పత్రిక తర్వాతి సంచిక వస్తుంది. ఎల్‌.ఎల్‌.ఆర్‌. తీసుకుని, ముప్పై రోజులు నేర్చుకుని, పరీక్ష గట్టెక్కడానికి ఆ వ్యవధి సరిపోతుంది. ఆ రెండు జాబితాల్లో ఎవరు ఇటునుంచి అటు దాటారో సంఘాల వారీగా రాసి పంపండి. బయట హారన్ మోగినా మన తీర్మానాలు పూర్తిచేసుకుని, మన తాళాలు మనమే తీసుకుని బయల్దేరే రోజు మన చేతుల్లోనే ఉంది.